అనువాదకునికి అంజలి
1917లో వంగభాషలో వెలువడిన శరచ్చంద్రుని ‘దేవదాసు’ను తెలుగున చదివి, వంగదేశపు పల్లెను కనులార గాంచని మన గృహిణులు అందలి నాయిక పార్వతి దుఃఖమును తమ తోబుట్టువు దుఃఖముగా భావించి కంట తడి పెట్టిరన్నచో, ఆ మహిమలో మూలరచయితతో సమభాగి అనువాదకుడు. తెనాలి ప్రాంతమువాడైన చక్రపాణి మదనపల్లె శానటోరియములో క్షయరోగియై యుండియు వంగభాష నభ్యసించి, శరచ్చంద్రుడు మనవాడేయని పాఠకులు తలచునంత సహజముగా ఆ సాహిత్యమును తెలుగు వాకిట నిలిపెను. ప్రతివాక్యమునందును పరహృదయమున ప్రవేశించి, ‘దీదీ’ యన్న పిలుపులోని చనవును మన ‘అక్కా’ యన్న పిలుపులో వెదకి, తాను మాత్రము మరుగున నిలుచు ఈ వృత్తి యెంత వినయశీలము! ఎన్నడు నెరుగనివారి వేదనను మన వేదనగా మార్చు ఆ లేఖినికి నా ప్రణామము.