అక్షరం వెడల్పు

మొన్న ఒకే ఫైలును రెండు కంప్యూటర్లలో తెరిచాను. రెండింట్లోనూ లిబ్రెఆఫీస్ రైటరే. విండోస్‌లో నాలుగో పేజీ అడుగున ముగిసిన వ్యాసం లినక్స్‌లో ఐదో పేజీకి రెండు లైన్లు జారింది. జారింది తెలుగు పేరాల వల్లే. మధ్యలో ఉన్న ఇంగ్లిషు పేరాలు ఏ మాట దగ్గర విరగాలో సరిగ్గా అక్కడే విరిగాయి. చిత్రమేమిటంటే ఆ ఇంగ్లిషు ఏరియల్‌లో ఉంది, లినక్స్ కంప్యూటర్లో ఏరియల్ లేనే లేదు.

దాని బదులు అక్కడ నిలబడింది లిబరేషన్ శాన్స్. రెడ్‌హ్యాట్ సంస్థ 2007లో విడుదల చేసిన ఉచిత ఫాంట్ ఇది. ఫాంట్లో ప్రతి అక్షరానికీ ఒక గీత ఉంటుంది, ఒక వెడల్పు ఉంటుంది. ఏరియల్‌లో అక్షరం గీసే చదరాన్ని నిలువుకు 2048, అడ్డానికి 2048 భాగాలు చేస్తారు. అందులో చిన్న ‘ఎ’ వెడల్పు 1139, చిన్న ‘ఐ’ 455, పెద్ద ‘డబ్ల్యూ’ 1933. లిబరేషన్ శాన్స్‌లోనూ ఇవే అంకెలు. వంపులు, కొసలు మాత్రం వేరు. ఒకరి కొలతకు కట్టిన గదుల్లో మరొకరి రూపాలను ఇరుకనిపించకుండా కూర్చోబెట్టడం ఎంత ఓర్పు గల పనో! కాలిబ్రికి కార్లిటో, కాంబ్రియాకు కలాడియా కూడా ఇలా కొలత కుదిర్చి చేసినవే.

తెలుగు దగ్గర ఆ కుదురు తప్పుతుంది. గౌతమి అనే తెలుగు ఫాంటు లేనిచోట లోహిత్ తెలుగు వచ్చిందనుకోండి, రెంటి వెడల్పులూ వేరు, వత్తుల కోసం లైను కింద వదిలే జాగా కూడా వేరు. రైటర్ ఇంకో సంగతి చూస్తుంది. ఇంగ్లిషుకూ తెలుగుకూ ఫాంటునూ సైజునూ విడివిడిగా గుర్తుంచుకుంటుంది. అందుకే స్టైల్లో ఒకదాని సైజు మార్చితే రెండోది కదలదు.

వెడల్పు లెక్కకు ముందు అక్షరాన్ని కట్టాలి. ‘స్త్రీ’ అని టైపు చేస్తే ఫైల్లో దాచుకునేది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. చివర వచ్చిన గుడిదీర్ఘం మొదటి ‘స’ నెత్తికెక్కాలి, తకార రకారాలు వత్తులై కిందికి దిగాలి. రైటర్లో ఈ పని చేసే కూర్పరి పేరు హార్ఫ్‌బజ్. పారశీకంలో ‘హర్ఫ్’ అంటే అక్షరం, ‘బాజ్’ అంటే తెరిచినది. 2017లో వచ్చిన లిబ్రెఆఫీస్ 5.3 దాకా విండోస్‌లో ఒక కూర్పరి, మ్యాక్‌లో ఇంకొకటి. అప్పటినుంచి అన్నిచోట్లా హార్ఫ్‌బజ్ ఒక్కటే. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి లిబ్రెఆఫీస్ దారి వేరైంది గనుక, అపాచీ ఓపెన్ఆఫీస్‌కు ఈ మార్పు రాలేదు. రెండింట్లో ఒకే తెలుగు మాట తేడాగా కనిపిస్తే, ఫాంటును అనుమానించే ముందు ఈ కూర్పును గమనించాలి.

దాని పని కళ్లారా చూడాలంటే రైటర్లో ‘స్త్రీ’ రాసి బ్యాక్‌స్పేస్ నెమ్మదిగా నొక్కండి. మొదటిసారి గుడిదీర్ఘం పోయి ‘స’కు తలకట్టు తిరిగొస్తుంది. రెండోసారి రకారం రాలిపోతుంది, దాని ముందున్న పొల్లు ‘స’ మీదికెక్కుతుంది. మూడోసారి ఆ పొల్లూ పోయి, మళ్లీ తలకట్టుతో ‘స్త’ నిలుస్తుంది.