శాలివాహన శకమను పేరు

మన పంచాంగకర్తలు సంవత్సరసంఖ్యకు ముందు శాలివాహన శకమని వ్రాయుదురు. దీనినిబట్టి క్రీ. శ. 78వ సంవత్సరమున శాలివాహనుడు శకులను జయించి యీ గణనమును నెలకొల్పెనని పెక్కురు తలచుచున్నారు. పాఠశాలలలో నిదియే చరిత్రముగా బోధింపబడుటయు గలదు. కావున నిది పరిశీలింపదగిన విషయము.

శాలివాహనుడనగా శాతవాహనవంశపు రాజని చెప్పుట వాడుక. కాని నాసిక్, కార్లే గుహలలోని శాతవాహనశాసనములు ఆయా రాజుల పాలనవర్షములనే పేర్కొనుచున్నవి. శకసంఖ్య వానిలో లేదు. స్వనామమున గణనమును స్థాపించిన వంశము దానిని వాడకుండుట పొసగునా? చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుడు 1076లో తన పేర నూతనగణనము నారంభింపగా, ఆతని శాసనములలో నది విరివిగా గానవచ్చుచున్నది. స్థాపకుని శాసనము లట్లుండవలెను.

78 మొదలుకొని లెక్కించినవారు శకవంశీయులగు పశ్చిమక్షత్రపులు. వారు తమ నాణెములపై నీ సంఖ్యలనే ముద్రించిరి. బాదామి గుహలోని మంగళేశుని శాసనము (క్రీ. శ. 578) శకరాజు పట్టాభిషేకమునుండి 500 ఏండ్లు గడచెనని చెప్పుచున్నది. మూలపురుషుడు శకరాజే గాని శకవిజేత గాడు.

మఱి శాలివాహనుని పేరెట్లు చేరెను? కాలక్రమమున శకశబ్దమునకు జాతివాచకత్వము పోయి, సంవత్సరగణనమను సామాన్యార్థ మేర్పడెను. మనము క్రీస్తుశకమనుట కిదియే కారణము. అర్థమట్లు మారగా, ఈ శక మెవరిదను ప్రశ్న పుట్టి, కథలలో ప్రసిద్ధుడగు రాజు దానికి గర్తగా నిలిచెనని నా యూహ. విక్రమశకమునందును నిట్టి మార్పే కలదు. దాని తొలిశాసనములలో కృత, మాలవ నామములే యున్నవి; విక్రముని పేరు పిమ్మటిది.

ఐహోళె శాసనమున రవికీర్తి, భారతయుద్ధమునుండి 3735 ఏండ్లును, శకరాజుల గణనమున 556 ఏండ్లును గడచినవని రెండు సంఖ్యల నిచ్చెను. రెండును క్రీ. శ. 634నే తెలుపును. వీనివలన రవికీర్తికాలము నిశ్చయమగును గాని భారతయుద్ధకాలము నిశ్చయము గాదు. క్రీస్తుశకమును నట్టిదే, 525లో డయొనీసియస్ అను సన్న్యాసి వెనుకకు లెక్కించి దాని యాదిని నిర్ణయించెను.

కాబట్టి శకసంఖ్య దానిని వ్రాసినవాని కాలమునకు సాక్ష్యము. అది చెప్పు నాదిఘట్టమునకు గాదు. శాలివాహననామము పంచాంగములలో నుండవచ్చును. దానిని చరిత్రముగా శిష్యులకు జెప్పుట మాత్రము పండితులకు దగదు.