దసరాకు దించే సంచి

దసరాకు బూజులు దులిపేటప్పుడు మా ఇంట్లో మరో పని కూడా పెట్టుకుంటాం. మేడమెట్ల దగ్గర కొక్కేనికి వేలాడే తుపాను సంచిని దించి, చాప మీద బోర్లించి ఒక్కొక్కటీ చూసుకుంటాం. మన తీరాన్ని పెను తుపాన్లు ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్యే తాకుతాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. కోనసీమ తుపాను 1996 నవంబరు 6న. విశాఖ మీదికి హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, విజయదశమి వెళ్లిన తొమ్మిదో రోజు. అందుకే పండగే మాకు గడువు.

ముందు టార్చి. బ్యాటరీలు అందులోనే వదిలేస్తే కారి, లోపలి స్ప్రింగుకు చిలుము పడుతుంది. వాటిని విడిగా కవరులో చుట్టి ఉంచుతాం. బిగించి వెలుగు చూసి మళ్లీ తీసేస్తాం. తర్వాత ఆధార్, ఇంటి పత్రాల నకళ్లు, రెండు కవర్లలో. అత్తయ్య బీపీ, షుగరు మాత్రలు పది రోజులకు సరిపడా. పాతవి గడువు దాటకముందే వాడకంలోకి పోతాయి, కొత్తవి సంచిలోకి వస్తాయి. అటుకులు, వేరుశనగ ఉండలు కూడా అంతే. పది, యాభై, వంద నోట్లు తప్పనిసరి. హుద్‌హుద్ తర్వాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు, ఏటీఎంలు పనిచేయలేదు. పాల ప్యాకెట్టు కొనాలన్నా చేతిలో నోటు ఉండాల్సిందే.

నీళ్లు సంచిలో పట్టవు కదా. తుపాను కబురు రాగానే ట్యాంకు, బిందెలు నింపేస్తాం. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు నాలుగు లీటర్లైనా లెక్కేసుకోవాలి. కరెంటు పోయాక మోటారు తిరగదు.

అయితే సంచి ఒక్కటే సర్దుకుంటే చాలదు. మెయిన్ ఎవరు కట్టేయాలి, గ్యాస్ రెగ్యులేటర్ ఎవరు ఆపాలి, అత్తయ్య చెయ్యి ఎవరు పట్టుకోవాలి? ఓ రాత్రి లైట్లన్నీ ఆర్పి పిల్లల చేత చేయిస్తాం. "నాన్నమ్మా, నీ మాత్రలు నేను తెస్తా, నువ్వు కదలకు" అని చీకట్లో తడుముకుంటూ వెళ్లే చిన్నదాన్ని చూస్తే నాకు కొండంత ధైర్యం. వాళ్లకు ఇంకొకటి కూడా చెబుతాం: హోరుగాలి ఉన్నట్టుండి ఆగిపోతే బయటికి పరుగెత్తకూడదు. అది తుపాను కన్ను కావచ్చు. అది దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. అప్పటికే ఒరిగిన చెట్లు, వేలాడుతున్న రేకులు ఆ రెండో దెబ్బకు పడతాయి.

సముద్రానికి దూరంగా ఉన్నాం కదా, మాకెందుకు అనుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు ఎందరో మేడల మీద చిక్కుకుపోయారు. తిండి, నీళ్లు పడవల్లో, హెలికాప్టర్లలో, డ్రోన్లలో చేరవేయాల్సి వచ్చింది. మా సంచి మేడమెట్ల దగ్గర వేలాడేది అందుకే.

మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లుంటే ఈ వారమే వెళ్లి పలకరించండి. వాళ్ల మందుల చీటీ నకలు, పిల్లల ఫోన్ నంబరు అడిగి తీసుకోండి. అత్యవసర నంబరు 112ను పెద్ద అంకెలతో రాసి వాళ్ల గోడకు అంటించి రండి.