కిన్నెరసాని వెనక్కి చూసినప్పుడు

కృష్ణా డెల్టా నీళ్లు చెప్పిన మాట వింటాయి. 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజి వాటిని కాలువల్లోకి మళ్లించాయి. లాకులు దాటుకుంటూ, గట్ల మధ్య ఒద్దికగా బందరు వైపు సాగిపోతాయి. ఆ సీమలోనే, నందమూరులో 1895లో పుట్టి, బెజవాడ కాలేజీలో పాఠాలు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణ తన గేయకావ్యానికి మాత్రం భద్రాచలం ప్రాంతంలో గోదావరిని చేరే అడవి వాగును ఎంచుకున్నారు. అదే ‘కిన్నెరసాని పాటలు’. ప్రకృతిని, పోయినదాని మీద బెంగను విడదీయలేనంతగా కలిపిన కావ్యం తెలుగులో ఏదని అడిగితే నేను ముందు దీని పేరే చెబుతాను.

కథ చిన్నది. అత్త పెట్టే బాధలు పడలేక కిన్నెర ఇల్లు విడిచి అడవి పట్టింది. వెతుక్కుంటూ వచ్చిన భర్త కౌగిలించుకోగానే ఆ చేతుల్లోనే కరిగి నీరైంది. అతను రాయైపోయాడు. నీటికి నిలకడ లేదు, రాయికి కదలిక లేదు. ఆమె వెనక్కి రాలేదు, అతను వెంట వెళ్లలేడు. కావ్యంలోని దుఃఖమంతా ఈ ఒక్క ఏర్పాటులో ఉంది.

దీన్ని మానవీకరణ అని ఒక్క మాటలో తేల్చేస్తే అన్యాయం. మామూలుగా కవులు వాగును చూసి ఆడపిల్లలా ఉందంటారు. ఇక్కడ ఆడపిల్లే వాగైంది. అందుకే ఒడ్డున ఇసుక, మలుపు, నురగ ఏది వర్ణించినా అది అలంకారంగా మిగలదు, ఆమె మేనవుతుంది, మనసవుతుంది. వర్ణనే కథను నడుపుతుంది.

ఇక గతి చూడండి. ఆమె కరిగే ఘట్టంలో పాదాలు ఐదేసి మాత్రల ఖండగతిలో నడుస్తాయి. కరగడాన్ని చెప్పే క్రియ ఒకటికి నాలుగుసార్లు వెంటవెంటనే పడుతుంది. ఐదు మాత్రల గణం రెండుకు రెండుగా సమంగా తెగదు, ఎప్పుడూ కాస్త ముందుకు ఒరిగి ఉంటుంది. ఆ ఒరుగులో నీళ్లు జారడం వినిపిస్తుంది. కళ్లతో చదివితే ఇది దొరకదు, తాళం వేసుకుంటూ పైకి చదవాలి.

రసం మాటకొస్తే లాక్షణికులు కాస్త తడుముకోవాల్సిందే. తిరిగి కలుస్తారన్న ఆశ ఉంటే విప్రలంభం, లేకపోతే కరుణం. ఇక్కడ ఆశ లేదు, అయినా ఇద్దరూ పోలేదు. ఒకరు రాయిగా, ఒకరు వాగుగా ఆ అడవిలోనే ఉన్నారు. కిన్నెరను కోరి కడలి పొంగినప్పుడు ఆమెను గోదావరి అక్కున చేర్చుకుంటుంది. అయినా ఆమె బెంగను కవి తేలిగ్గా తీసుకోలేదు, ‘కిన్నెర దుఃఖము’ అని దానికొక ఖండికనే కేటాయించారు.

ఇప్పుడు పల్లె మీద బెంగతో వస్తున్న కవితల్లో చాలావరకు తాటిచెట్టు, పంటకాలువ, పాలపిట్ట పేర్లు వరసగా కనిపిస్తాయి. పేర్లు చెప్పినంత మాత్రాన బెంగ పుట్టదు. వాటిలో ఒకదానికైనా ఏదో జరగాలి.

‘రామాయణ కల్పవృక్షం’తో జ్ఞానపీఠం అందుకున్న విశ్వనాథ అనగానే జంకే పాఠకులు ఉన్నారు. వాళ్లు ఈ చిన్న పుస్తకంతో మొదలుపెట్టాలి. బడిలో చెప్పే మాస్టార్లకు ఒక మనవి: అర్థతాత్పర్యాలు తర్వాత చెప్పండి, ముందు పిల్లల చేత పాడించండి.