కొలిమిలో పుట్టే సిలువ

కృష్ణా జిల్లా మెట్టగా పేరుపడి, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో సిలువకు పాత చరిత్రే ఉంది. నందిగామ ప్రాంతంలోని రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య 1859లో చర్చి మిషనరీ సొసైటీ (సీఎంఎస్) మిషనరీ డార్లింగ్ దగ్గర బాప్తిస్మం పొందారు. ఆయన వెంట ఎన్నో కుటుంబాలు కదిలాయి. బెజవాడ గుణదలలో 1924లో ఫాదర్ అర్లాటి మేరీమాత విగ్రహం నెలకొల్పారు, ఆ తర్వాత కొండ శిఖరాన ఇనుప సిలువ నిలిచింది. ఏటా ఫిబ్రవరి ఉత్సవాల్లో వేలమంది ఆ సిలువ దాకా కొండెక్కుతారు.

ఇవాళ చర్చి మీదికో సమాధి మీదికో సిలువ కావాలంటే రెండు గొట్టాలు కోసి, వెల్డింగు పెట్టి, వెండి రంగు పూసి ఇస్తున్నారు. అదే సిలువను కొలిమిలో కాచి, సాగగొట్టి చేయించుకోవచ్చు. అందుకు కావలసిన పనితనం ఊరి కమ్మరి చేతిలోనే ఉంది. ట్రాక్టర్లు వచ్చి నాగళ్లు మూలపడ్డాక ఆ చేతికి పని తగ్గింది, నేర్పు మాత్రం తగ్గలేదు.

అన్నిటికంటే చక్కనిది ఒకే పట్టీతో చేసే సిలువ. 40 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తని ఇనుప పట్టీ చాలు. పై చివర నుంచి నిలువుగా రెండు గీతలు గీస్తే మూడు పాయలకు గుర్తు పడుతుంది. గీతలు ఆగే చోట ముందే చిన్న బెజ్జాలు వెయ్యాలి, లేకపోతే వంచేటప్పుడు చీలిక కిందికి పాకుతుంది. పట్టీ పసుపు రంగుకు వచ్చేదాకా, అంటే సుమారు 1100 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి దాగలి మీదికి తెస్తారు. ఒకరు పటకారుతో పట్టుకుని ఉలి ఆనిస్తే ఇంకొకరు సమ్మెట వేస్తారు. తెగే క్షణంలో ఉలి అంచు దాగలికి తగలకుండా కింద రేకు ముక్క వేస్తారు. మళ్లీ కాచి పక్క పాయల్ని చెరోవైపుకి వంచితే అవే చేతులు. నడిమి పాయ తల, చీలని భాగం కాండం. మూడు పాయలూ మొదట ఒకే పొడవుంటాయి. చేతులు పొడవు కావాలంటే వాటిని సాగగొట్టాలి, నాగలి కర్రు మొన సాగదీసినట్టే. ఎరుపు వదిలి నల్లబడుతున్న ఇనుము మీద ఇంకో దెబ్బ పడకూడదు. వంపు మూలలో పగులుతుంది.

పెద్ద సిలువకు రెండు కడ్డీలు తీసుకుంటారు. కలిసే చోట రెండిట్లోనూ సగం మందం తీసి ఒకదానిలో ఒకటి కూర్చి, కాచిన రివిటుతో బిగిస్తారు. మీద ఎర్రగా కాచిన సన్నని పట్టీ చుడితే, చల్లారేకొద్దీ అది ముడుచుకుని అతుకును బిగపడుతుంది. బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేటప్పుడు పనిచేసేదీ ఈ సూత్రమే. కొడవలికి కక్కులు కొట్టే ఉలితోనే చేతుల మీద వరస గీతలు, ఆకు ఈనెలు దిద్దవచ్చు. నలుచదరపు కడ్డీని నిండా ఒకే తీరుగా కాచి, ఒక కొస బిగించి, రెండో కొస తిప్పితే మెలి వస్తుంది. ఎక్కడైనా మెలి ఎక్కువవుతుంటే ఆ చోట కాసిన్ని నీళ్లు పోసి ఆపుతారు.

ఇనుము ఎంపికలోనూ విచక్షణ కావాలి. కత్తులకు బాగా పనికొచ్చే లారీ కమాన్ పట్టీలో కర్బనం ఎక్కువ. ఎర్రగా కాచి నీళ్లలో ముంచితే పెళుసవుతుంది, సన్నని చుట్టలకు లొంగదు. సిలువకు మెత్తని ఇనుమే మేలు. పని పూర్తయ్యాక తీగ కుంచెతో రుద్ది, వేడి పూర్తిగా దిగకముందే అవిసె నూనె పట్టిస్తే నల్లని నిగారింపు వస్తుంది. వానకు నిలవాలంటే ఏటా ఒకసారి పూస్తుండాలి. సమాధిలో దిగే కొసను చేపతోకలా చీల్చి విప్పితే సిమెంటులో కదలదు. సిలువ మొదలు దగ్గర నీరు నిలవకుండా సిమెంటును వాలుగా పొయ్యాలి, తుప్పు మొదలయ్యేది అక్కడే.

అమెరికాలోని నార్త్ డకోటాలో, రష్యా నుంచి వలస వెళ్లిన జర్మన్ రైతుల సమాధుల మీద ఇలాంటి సిలువలున్నాయి. వాటిని చేసిందీ నాగళ్లు బాగుచేసే ఊరి కమ్మరులే. ఆ శ్మశానాలను 1989లో ఆ దేశపు చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. కమ్మరి పనిలో కళను గుర్తించడమంటే అది.

మనకూ ఒక మంచి ఒరవడి ఉంది. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గర ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పాలన 20వ ఏట వేయించిన శాసనంలో, తూర్పు ద్వారాన అయిదు ఆయక స్తంభాలు నిలిపిన సిద్ధార్థుడు అనే పనివాడి పేరుంది, ఊరి పేరుంది. పదిహేడు వందల ఏళ్ల కిందట పనిచేసిన చేతికి దక్కిన ఆ గౌరవం ఇప్పటి చేతికీ దక్కాలి. సంక్రాంతి దాటాక కొలిమికి కాస్త తీరిక. క్రైస్తవ సంఘాలు, విచారణలు (పారిష్‌లు) అప్పుడే పని అప్పజెబితే ఈస్టరుకో, నవంబరు 2 సమాధుల పండుగకో సిలువ సిద్ధమవుతుంది. పనికి తగ్గ కూలి ఇచ్చి, వెనకవైపు కమ్మరి పేరు, ఊరు, సంవత్సరం ఉలితో కొట్టించాలి.