గీత దిద్దకండి మాస్టారూ

బళ్లో బొమ్మల పోటీ అంటే మా డ్రాయింగ్ మాస్టర్లకు రెండు పనులు. ఒకటి పోటీ పెట్టడం. రెండోది ఎవరూ చూడకుండా పిల్లల బొమ్మలకు మెరుగులు దిద్దడం. వంకరపోయిన ముక్కు సరిచేస్తాం, వదిలేసిన ఆకాశానికి నీలం పులుముతాం. గీసిన పిల్లకు చూపు ఆనకపోయినా, చెయ్యి వణికినా ఇక చెప్పక్కర్లేదు. 'పాపం' అంటూ సగం బొమ్మ మనమే వేసేస్తాం. తర్వాత స్టేజీ, చప్పట్లు, ఫొటో. ఆ బహుమతి ఎవరిదో ఆ పిల్లకు బాగా తెలుసు.

సహిత విద్య గురించి మాకు శిక్షణలు జరుగుతాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించిందని చెబుతారు, రాసుకుంటాం. మంచిదే. కానీ క్లాసులోకి వచ్చి 'చూసి ఉన్నదున్నట్టు దించండి' అన్నామంటే ఆ చట్టం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పిల్లల్ని బయట నిలబెట్టేది వాళ్ల వైకల్యం కాదు, మనం ఇచ్చే పాఠం. నా నమ్మకం ఇది.

మామిడికాయ పాఠమే తీసుకోండి. గీయమంటే క్లాసంతా ఒకటే కాయ వేస్తుంది: వంపు తిరిగిన ముక్కు, పైన రెండాకులు. అది చెట్టు మీది కాయ కాదు, చీర అంచు మీది పిందె. అందుకే నేను కాయను గుడ్డసంచిలో వేసి అందరి చేతా తడిమిస్తాను. అప్పుడు చూపులేని పిల్లవాడు క్లాసులో అందరికంటే ముందుంటాడు. తొడిమ దగ్గర గుంట ఉందనీ, ఒక చెంప ఎత్తుగా ఉందనీ, జీడి కారి అంటుకుంటోందనీ చెప్పేది వాడే. వాడి బొమ్మలో తొడిమ కాయంత ఉంటుంది. వేలికి అంత గట్టిగా తగిలింది మరి! అది తప్పెలా అవుతుంది?

వాడు గీసేది జాలీ పలక మీద. కిటికీలకు కొట్టే దోమల జాలీని అట్ట మీద బిగించి, గీసుకోకుండా అంచులకు టేపు చుడితే చాలు. పైన పల్చటి కాగితం పెట్టి మైనం క్రేయాన్‌తో అదిమి గీస్తే గీత గరుగ్గా లేస్తుంది. దాన్ని తడుముకుంటూ తర్వాతి గీత ఎక్కడ కలపాలో వాడే చూసుకుంటాడు. స్కెచ్ పెన్ను ఇక్కడ దండగ. చూపున్న పిల్లలు కూడా ఈ పలక కోసం పోట్లాడుకుంటారు. చెయ్యి పట్టు లేని పిల్లకైతే క్రేయాన్‌కు పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, కాగితం జరగకుండా బల్లకు టేపు వేస్తే సరి. వినపడని పిల్లలున్న క్లాసులో బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు. ఇది చిన్న విషయమే, రోజూ మరిచిపోతుంటాం.

ఈ మాటలంటే కొందరు వెంటనే చిత్రకారుడు వినోద్ విహారీ ముఖర్జీ పేరు ఎత్తుతారు. 1904లో పుట్టిన ఆయనకు చిన్నప్పటి నుంచీ ఒక కంట చూపు లేదు, రెండో కంట అంతంత మాత్రం. శాంతినికేతన్ హిందీ భవన్ గోడల మీద భక్తకవుల జీవితాలను చిత్రించారు. యాభై దాటాక కంటి ఆపరేషన్ వికటించి ఉన్న చూపూ పోతే, కాగితాలు కత్తిరించి అతికిస్తూ, మైనంతో బొమ్మలు చేస్తూ, పాఠాలు చెబుతూ గడిపారు. శిష్యుడు సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద 'ది ఇన్నర్ ఐ' అనే డాక్యుమెంటరీ తీశారు. దీన్ని మనోధైర్యం కథగా చెప్పుకోవడం నాకు రుచించదు. నాకు ముఖ్యమనిపించేది అంతకు ముందు జరిగిన సంగతి. ఇంత తక్కువ చూపుతో శాంతినికేతన్ చిత్రకళా పాఠశాల కళాభవన్‌లో ఎలా నెగ్గుకొస్తాడని అక్కడి గురువు నందలాల్ బోస్ సందేహిస్తే, కుర్రవాడు శ్రద్ధగా పని చేస్తుంటే చేయనివ్వమన్నారు రవీంద్రనాథ్ టాగోర్. అక్కడ ఎవరూ భవిష్యత్తుకు గ్యారంటీ అడగలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫిజియోథెరపీకో, వెనకబడిన లెక్కలకో మీ పిల్లల్ని డ్రాయింగ్ పీరియడ్‌లోనే బయటికి పంపుతున్నారేమో టైంటేబుల్ చూడండి. అదైతే పోయేదేముందని అనుకునేవాళ్లు బళ్లలో ఉన్నారు. పంపుతుంటే ఆ వేళ మార్చమని హెడ్మాస్టర్ గారిని అడగండి. నోటిమాటగా కాదు, కాగితం మీద రాసివ్వండి.