ఏ ట్యాంకుకు ఏ ట్రాక్?

రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ టైగర్-1 ట్యాంకు రైలెక్కాలంటే ముందు ట్రాక్‌లు మార్చుకోవాలి. యుద్ధరంగంలో వాడే ట్రాక్ వెడల్పు 725 మిల్లీమీటర్లు. దానితో వ్యాగన్ ఎక్కితే బండి రైలుమార్గపు కొలతలు మీరిపోతుంది. అందుకని బయటి వరస చక్రాలు ఊడదీసి, 520 మిల్లీమీటర్ల సన్న ట్రాక్ ఎక్కించేవాళ్లు. 1/35 నమూనాలో ఈ తేడా దాదాపు 6 మిల్లీమీటర్లే. అయినా వ్యాగన్ మీద నిలబెట్టిన టైగర్‌కు వెడల్పు ట్రాక్ కనిపిస్తే, తెలిసినవాళ్లు అక్కడే ఆగి ఆరా తీస్తారు.

ట్యాంకు నమూనాలు కట్టేవాళ్లు కిట్‌లో వచ్చిన ట్రాక్‌ను పక్కన పెట్టి, విడిగా అమ్మే సెట్ల కోసం వెతకడానికి ఇలాంటి కారణాలు చాలా ఉన్నాయి. జపాన్‌లోని షిజువోకాకు చెందిన తమియా సంస్థ 1960ల మొదట్లో పాంథర్ కిట్‌తో 1/35 కొలతకు దారి వేసింది. అది మోటారుతో నడిచే బొమ్మ. తిరిగే చక్రాల మీద మెత్తటి వినైల్ పట్టీ చక్కగా పనిచేసేది; దాని కొసలను కాల్చిన స్క్రూడ్రైవర్ మొనతో అదిమి అతికేవాళ్లు. కదలకుండా బల్ల మీద ఉండే నమూనాలో అదే పట్టీ ఇబ్బంది పెడుతుంది. కిందికి జారాల్సిన చోట బిగుసుకుని ఉంటుంది, వంగిన చోట రంగు పెచ్చులూడుతుంది.

దీనికి విరుగుడుగా కిట్ కంపెనీలే గట్టి ప్లాస్టిక్ ట్రాక్‌లు ఇవ్వసాగాయి. పైనా కిందా నిడుపాటి ముక్కలు, ముందువెనుక చక్రాల వంపు దగ్గర విడివిడి లింకులు. ఖర్చు తక్కువ, ఓ సాయంత్రంలో పని తెమిలిపోతుంది.

విడిగా దొరికేవాటిలో హంగరీకి చెందిన ఫ్రియుల్‌మోడల్ తెల్లలోహపు ట్రాక్‌లకు పేరు పెద్దది. లింకు లింకుకూ ఉన్న సన్నటి రంధ్రంలో తీగ దూర్చి కలుపుకోవాలి. ఒక్కో పక్కకు 96 లింకులున్న టైగర్ చేతికొస్తే ఓపికకు పరీక్షే. పోతలో మిగిలిన అంచులు చాకుతో గీకాలి, పూడిన రంధ్రాలు సన్న డ్రిల్లుతో తెరవాలి. ఫలితం మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. నల్లబరిచే ద్రావణంలో ముంచి తీసి, నేలకు తగిలే అంచులను సన్నటి గరుకు కాగితంతో రుద్దితే అసలు లోహమే మెరుస్తుంది. అయితే ఆ బరువుకు కిట్ ఇరుసులు వాలిపోవచ్చు. ముందే లోపల ఇత్తడి కడ్డీ వేసి గట్టి చేసుకోవడం మంచిది.

బరువు వద్దనుకుంటే జపాన్ సంస్థ మోడల్‌కాస్టెన్ కదిలే ప్లాస్టిక్ లింకులు, మాస్టర్‌క్లబ్ రెసిన్ లింకులు ఉన్నాయి. ఈమధ్య త్రీడీ ప్రింటింగ్ సెట్లు జోరందుకున్నాయి. వాటిలో చిన్న వివరం కూడా స్పష్టంగా కనిపిస్తుంది గాని, కొన్ని రకాల రెసిన్ పెళుసు. బలవంతంగా నొక్కితే విరుగుతుంది.

వీటిలో ఏది తీసుకోవాలో ధర చెప్పదు, అసలు ట్యాంకు చెబుతుంది. సోవియట్ టి-34కు ట్రాక్‌ను పైన మోసే చిన్న చక్రాలు లేవు. ట్రాక్ పైభాగం పెద్ద చక్రాల మీదే పడి, వాటి మధ్య దండెం తీగలా జారుతుంది. ఆ జారుడు లోహపు ట్రాక్‌కు దానంతటదే వస్తుంది. అమెరికన్ షెర్మన్ సంగతి వేరు. దాని లింకుల పిన్నుల చుట్టూ రబ్బరు ఉండటంతో, పై వరస బిగువుగా సాగుతుంది. అక్కడ బరువైన లోహపు ట్రాక్ వేలాడితే తప్పు. పైగా షెర్మన్‌కు ట్రాక్‌లు ఒక రకం కాదు: టి48 రబ్బరు మీద వి ఆకారపు గట్లు, టి51 నున్నటి రబ్బరు, టి49, టి54ఇ1 ఉక్కువి. రబ్బరు దిమ్మెల మీద వెండి మెరుపు పూయకూడదు. మెరిసేది లింకులను కలిపే ఉక్కు ముక్కలే.

తేదీ కూడా చూసుకోవాలి. టైగర్ లింకుల మీద మంచులో జారకుండా వేసిన వి గుర్తులు 1943 శరత్తు తర్వాతవి. ఆ ఏడు జూలైలో జరిగిన కుర్‌స్క్ పోరు నాటి టైగర్‌కు అవి పెడితే కాలం తప్పుతుంది. సంఖ్య సరే సరి: మామూలు షెర్మన్‌కు పక్కకు 79 లింకులు, పొడవాటి ఎం4ఏ4కు 83. కొనేముందు కొత్త లింకులు కిట్ పళ్లచక్రంలో కూర్చుంటాయో లేదో కనుక్కోవాలి. కొన్ని సెట్లలో సరిపోయే చక్రం కూడా ఇస్తారు.

ఫొటోలతో తృప్తిపడనివాళ్లు మహారాష్ట్రలోని అహిల్యానగర్, అంటే పాత అహ్మద్‌నగర్ వెళ్లవచ్చు. అక్కడ 1994లో మొదలైన కావల్రీ ట్యాంక్ మ్యూజియంలో పలు దేశాల ట్యాంకులు నిలబడి ఉన్నాయి. ట్రాక్ ఎక్కడ అరిగిందో, మట్టి ఎక్కడ ఇరుక్కుంటుందో దగ్గరగా చూస్తే అర్థమవుతుంది.

కొత్తగా చెయ్యి పెట్టేవాళ్లు ప్రతి కిట్‌కూ ఖరీదైన సెట్ కొననవసరం లేదు. పక్కరేకులు కప్పిన పాంజర్-4లో పై వరస కనపడదు గనుక కిట్ ట్రాక్ చాలు. ఆ డబ్బు దాచి, అంతా బయటికి కనిపించే టి-34 మీద పెట్టడం తెలివైన పని.